తేటా, కలకా

వేలూరు
11 జూన్ 2024

నాయనకు గౌతమి రాసేది,

పక్కింటి సురేష్ వేలూరులో అంగడి కట్టేసి ఇంటికి వచ్చేటప్పుడు ఈ కాగితం తెచ్చి నీ చేతికిస్తాడు. రేపు పొద్దున అతను మళ్ళీ ఇటు వచ్చేటప్పుడు జవాబు రాసి పంపు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నీకు ఈల తప్ప ఏమీ వినపడదు. అమ్మకు చేస్తే రెండు మాటలకే పెట్టేసింది. మా ఆయన లారీతో నాగపూర్ దగ్గర ఎక్కడో ఉన్నాడు, లోడు దించేదాకా కదల్లేనంటాడు. ఇంట్లో తెలుగు రాయడం, చదవడం వచ్చింది నీకు, నువ్వు నేర్పిన నాకు. ఇక ఇదే దారి.

మేఘనకు కడుపులో చీము పట్టింది. డాక్టర్ జెబరాజ్ దీన్ని పెరిటోనైటిస్ అంటాడు. మనకు తెలిసిన సంగతే ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. బిడ్డ కిడ్నీలు రెండూ పనిచేయవు కాబట్టి కడుపులోకి గొట్టం పెట్టి, సంచిలోని నీళ్ళు లోపలికి పంపి, కొన్ని గంటలుంచి, బయటికి దించి పారబోస్తున్నాం కదా. ఆ నీళ్ళు నిలిచే చోట పేగుల చుట్టూ పల్చటి పొర ఉంటుంది. ఒంట్లోని చెడు ఆ పొర గుండానే నీళ్ళలోకి దిగుతుంది. ఇప్పుడు ఆ పొరకే క్రిమి తగిలింది. మామూలు బిడ్డలకు అపెండిక్స్ పగిలి ఇలా అవుతుందట. మన బిడ్డకు ఆ గొట్టమే వాకిలి.

నిన్న నేను కే.వి.కుప్పంలో కుట్టు కంపెనీ నుంచి ఇంటికొచ్చేసరికి అది మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. పొట్ట మీద చెయ్యి వేయబోతే "తాకొద్దు మా, తాకొద్దు" అని చెయ్యి తోసేసింది. సంచి దించి చూస్తే బియ్యం కడిగిన నీళ్ళు. వెనక పెట్టిన నా వేళ్ళు కూడా కనపడలేదు. ఆ సంచిని చంకన పెట్టుకునే అంబులెన్సు ఎక్కాను. పారబోయకుండా తెచ్చావు, మంచి పని చేశావు అంది నర్సు ఆరోకియమేరి. అందులోంచే పరీక్షకు పట్టుకున్నారు.

ఇప్పుడు అమ్మను అడిగి ఇవన్నీ రాయి. పొద్దున సంచి మార్చింది అమ్మేనా? చేతులు సబ్బుతో కడిగిందా? మూతికి గుడ్డ కట్టుకుందా? ఫ్యాను ఆపిందా? గొట్టం కొన దేనికైనా తగిలిందా? గదిలోకి ఎవరైనా వచ్చారా? నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏమిచ్చారు? పొద్దున సంచి బాగుందనే కదా అమ్మ నాకు ఫోన్లో చెప్పింది. పొద్దున బాగున్నది సాయంత్రానికి అంత కలక ఎలా అయిందని డాక్టర్ పదేపదే అడుగుతున్నాడు. 

నీ కూతురు
గౌతమి

---

గుడియాత్తం
12 జూన్ 2024

చిరంజీవి గౌతమికి నాయన బలరామయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. నేను చేసిన తప్పేమంటే దాన్ని గట్టిగా చదివాను. మీ అమ్మ పక్కనే కూర్చుని వింది. ఆమె నా చెవి దగ్గర అరిస్తే కొంచెం వినపడుతుంది. కోపంలో ఉంటే మొత్తం వినపడుతుంది. నిన్న మొత్తం వినపడింది.

"ఏమంటాండాది నీ కూతురు? నేను చేతులు కడక్కుండా బిడ్డ గొట్టం పట్టుకున్నానంటాండాదా? పోలీసోళ్ళు గూడా ఇన్ని అడగరు గదా!"

నీ ప్రశ్నలకు జవాబులు ఇవి. సంచి మార్చింది మీ అమ్మే. చేతులు కడిగింది. గుడ్డ కట్టుకుంది. ఫ్యాను ఆపింది, నాకు తెలుసు, ఎందుకంటే ఆమె చెమటలు కక్కుతూ బయటికొచ్చి నా తువ్వాలు లాక్కుంది. గదిలోకి ఎవరూ రాలేదు. నొప్పి మధ్యాహ్నం అన్నం వేళకు ముందే మొదలైంది. ముందురోజు పనసతొనలు తిన్నది కదా, అదే అయ్యుంటుందని నేను వాము నీళ్ళు కాచి ఇచ్చాను. వాంతి చేసుకుంది. పడుకోబెట్టాను. అందులో మీ అమ్మ తప్పేమీ లేదు.

ఇక ఫోను సంగతి. ఆమె ఏమంటుందంటే, "నేను చెప్పినా. సంచి చూసిన తావునే ఫోన్ జేసి చెప్పినా. అయితే పారబొయ్ మా అనె. పారబోసినా. ఇప్పుడు నా నెత్తిన పెడతాండాది."

నువ్వు బాగుందని చెప్పిందంటావు. ఆమె చెప్పినా అంటుంది. ఫోన్లో జరిగిన మాటకు నన్ను సాక్షి అడిగితే నేనేం చెప్పగలను? ఆ గదిలో నేను కుర్చీ లాంటివాణ్ణి.

బోరు మోటారు మళ్ళీ కాలింది. చెరకుకు నీళ్ళు లేవు. కరెంటు పనివాడు రేపు వస్తానని వారంగా చెబుతున్నాడు. అది చూసుకోవాలా, ఇది చూసుకోవాలా, నాకు బుర్ర తిరుగుతోంది. బిడ్డ ఏం తింటోందో రాయి. సంకటి, పప్పు పంపమంటావా?

నాయన

---

వేలూరు
14 జూన్ 2024

నాయనా,

సంకటి వద్దు. బిడ్డ నీళ్ళు తాగినా కక్కుతోంది. చేతికి సెలైను పెట్టారు. సంచి నీళ్ళలోనే క్రిమిని చంపే మందు కలిపి పొట్టలోకి పంపుతున్నారు. మందు పడ్డాక జ్వరం కొంచెం దిగింది, మళ్ళీ ఎక్కింది. దించిన ప్రతి సంచినీ ఆరోకియమేరి కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తుంది. నేను ఆమె ముఖం చూస్తాను. ఇప్పటిదాకా ఆ ముఖంలో నాకు కావలసింది కనపడలేదు.

మేఘన పెద్దగా ఏడవదు. అదే నన్ను చంపుతోంది. ఏడ్చినా, దగ్గినా పొట్ట కదిలి నొప్పి పుడుతుందని దానికి తెలిసిపోయింది. అందుకే కదలకుండా పడుకుంటుంది. మంచం పక్కన ఎవరి కాలైనా తగిలితే ముఖం ముడుచుకుంటుంది. పిల్లలు ఇలా ఊరికే పడుకుంటే నెమ్మదించింది అనుకోకూడదు, పొట్ట గట్టిపడితే ఇలాగే ఉంటారు అన్నాడు డాక్టర్. మీరిద్దరూ అలాగే అనుకున్నారు కదా, పడుకుంది, నెమ్మదించింది అని.

నేను అమ్మను నిందించడానికి అడగలేదు. పోలీసులా అడగలేదు. ఇక్కడ నన్ను అడిగితే నేను అక్కడ అడిగాను. క్రిమి ఎలా వచ్చిందో తెలిస్తే మళ్ళీ రాకుండా చూసుకోవచ్చు, అంతే. ఇంత చిన్న మాట అర్థం చేసుకోవడానికి మన ఇంట్లో ఎందుకు ఇంత కష్టం? ప్రతి మాటకూ ఎవరో ఒకరు అలగాలా?

ఫోన్ సంగతి నేను వదలను. అమ్మ ఫోన్ చేసినప్పుడు కంపెనీలో మిషన్లన్నీ తిరుగుతున్నాయి, సూపర్వైజరు నా వైపే చూస్తున్నాడు. అయినా బాగుందనే చెప్పింది. నా చెవులతో విన్నాను. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి.

గౌతమి

---

గుడియాత్తం
15 జూన్ 2024

గౌతమికి,

నీ చెవులు బాగా పనిచేస్తున్నందుకు సంతోషం.

మీ అమ్మ ఉదయం సంచిలో రెండు చీరలు పెట్టుకుని ఆలంగాయం బస్సెక్కింది. వాళ్ళ తమ్ముడు కన్నప్ప ఇంట్లో ఉంటుందట. "ఆ గదిలోకి ఇంగ నేను పోను, ఆ సంచుల్ని ముట్టను, ఇంగెవుర్నైనా పెట్టుకోండి" అని వాకిట్లో నిలబడి చెప్పింది. రాత్రి నీ ఉత్తరం వస్తే ఈసారి నేను గట్టిగా చదవలేదు. ఆమె సురేష్‌తో చదివించుకోబోతే అతనికి తెలుగు చదవడం రాదు. చివరికి నన్నే కూర్చోబెట్టి నా ముఖం చూస్తూ చదివించింది. ఏ వాక్యం దగ్గర తడబడ్డానో ఆ వాక్యం మళ్ళీ చదవమంది.

నేను వండుకోగలను. నా గురించి ఆలోచించకు.

బలరామయ్య

---

వేలూరు
17 జూన్ 2024

నాయనా,

తొందరలో రాస్తున్నాను, సురేష్ కింద నిలబడి ఉన్నాడు. ఇన్ని రోజులు మందు పోసినా నీళ్ళు తేటపడలేదు. ఇక లాభం లేదంటున్నారు. రేపు పొద్దున గొట్టం తీసేస్తారు. సంతకం పెట్టమన్నారు, పెట్టేశాను. మా ఆయన ఇంకా దారిలో ఉన్నాడు. మీరెవరైనా రండి. ఒక్కదాన్నే ఉండలేను.

గౌతమి

---

వేలూరు
18 జూన్ 2024

నాయనా,

రమ్మని రాశాను. ఎవరూ రాలేదు.

అమ్మ రాదని తెలుసు. నువ్వైనా వస్తావనుకున్నాను. బిడ్డను ఆపరేషన్‌కు తీసుకుపోయినప్పుడు వరండాలో అందరి పక్కనా ఎవరో ఒకరు ఉన్నారు. ఆలంగాయం నుంచి వచ్చిన రంజని అనే ఆమె, ముక్కూ ముఖం తెలియని మనిషి, తన ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చింది. "మీవాళ్ళు రాలేదా?" అని అడిగింది. దారిలో ఉన్నారని అబద్ధం చెప్పాను.

మోటారు బాగైందా? చెరకు బాగుందా?

గౌతమి

---

గుడియాత్తం
19 జూన్ 2024

గౌతమీ,

నేను వచ్చాను.

నీ ఉత్తరం చదివాక కూర్చోలేకపోయాను. లాభం లేదన్నారు, గొట్టం తీసేస్తారు, సంతకం పెట్టేశాను అని రాశావు. మా అన్న చివరి రోజుల్లో కూడా డాక్టర్లు ఇవే మూడు మాటలు చెప్పారు. ముక్కులోంచి గొట్టం తీసేశారు, సాయంత్రానికి మేము ఆయన్ని ఇంటికి తెచ్చుకున్నాం. నాకు తెలిసిన గొట్టం తీయడం అదే. నిన్న మొదటి బస్సుకే బయలుదేరాను.

ఆసుపత్రిలో పిల్లల వార్డు కనుక్కోవడానికే చాలాసేపు పట్టింది. తలుపు దగ్గర కాపలా మనిషి ఏదో అడిగాడు. "నాకు చెవులు వినపడవప్పా, నా మనమరాలు లోపల ఉండాది" అన్నాను. కాగితం ఇచ్చి పేరు రాయమని సైగ చేశాడు. రాశాను. నేను బడిలో నేర్చుకున్నది తెలుగు. తమిళం మాట్లాడతానే తప్ప రాయడం రాదు. అతనికి తెలుగు చదవడం రాదు. "మేఘన, మేఘన" అని చెప్పాను. అతను లోపలికి పోయి ఎవరినో అడిగి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, తల అడ్డంగా ఊపాడు.

చెయ్యి వేయకుండా ఉంటే నేను ఇంకొకసారి అడిగేవాణ్ణి. ఆ చెయ్యి వేయడంతో నాకు ఒకటే అర్థమైంది.

మెట్ల మీద కూర్చున్నాను. తరువాత లేచి బస్టాండుకు నడిచాను. నిన్ను వెతకాలని తోచలేదు. నీ ముఖం ఎలా చూడాలో తెలియలేదు. ఇంటికి వచ్చి, మీ అమ్మకు ఎలా కబురు పంపాలా అని వాకిట్లో కూర్చుని ఉంటే, సురేష్ నవ్వుతూ వచ్చి నీ ఉత్తరం చేతికిచ్చాడు. నవ్వుతున్నందుకు వాణ్ణి కొట్టబోయాను. వాడు భయపడి నోటి దగ్గర చెయ్యి పెట్టి, తింటున్నట్టు, మేఘనంత ఎత్తు చూపించి, మళ్ళీ మళ్ళీ అభినయించాడు. బిడ్డ మెలకువ రాగానే ఇడ్లీ అడిగిందని అలా తెలిసింది.

ఆపరేషన్‌కు తీసుకుపోయారు, వార్డులో లేదు. అంతే కదా అతను చెప్పింది? పాపం, మంచివాడే.

ఇంకొకసారి నాకు ఉత్తరం రాసేటప్పుడు ఏ గొట్టం, ఎందుకు తీస్తారు, తీశాక ఏమవుతుంది, అన్నీ రాయి. తొందరలో రాయకు. సురేష్‌ను నిలబడనీ.

మోటారు బాగైంది.

నాయన

---

వేలూరు
22 జూన్ 2024

నాయనా,

నీ ఉత్తరం తలగడ కింద పెట్టుకున్నాను. రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. నీ మీద కోపం, నా మీద కోపం, ఆ తలుపు మీద కోపం. నువ్వు మెట్ల మీద కూర్చున్నప్పుడు నేను పై అంతస్తులోనే ఉన్నాను.

ఇప్పుడు నిదానంగా రాస్తాను. పొట్టలోని గొట్టాన్ని క్రిములు జిగురులా పట్టుకున్నాయి. గొట్టం ఉన్నంతకాలం మందు వాటిని చేరదు. అందుకే గొట్టం తీసి, లోపల కడిగి, కట్టు కట్టారు. లాభం లేదన్నది గొట్టం గురించి, బిడ్డ గురించి కాదు. ఇప్పుడు మెడ దగ్గర నరంలో సన్నని గొట్టం పెట్టి, మిషన్‌తో రక్తం శుభ్రం చేస్తున్నారు. అది కొన్ని వారాలకే. పొట్ట మానాక కొత్త గొట్టం పెడతారు, మళ్ళీ సంచులు, మళ్ళీ మన గది. ఆలస్యమై ఉంటే ఆ పొర గట్టిపడిపోయి ఇక సంచులే పనికిరాకుండా పోయేవట. చాలామంది పిల్లలకు అలా అవుతుందట. మనకు కాలేదు.

మేఘన ఇప్పుడు కాళ్ళు చాపి పడుకుంటోంది. నొప్పి ఎలా ఉందంటే "పరవాలేదు" అంటుంది పెద్దమనిషిలా. మిషన్ దగ్గర కూర్చోవడం మాత్రం దానికి అసహ్యం. "అవ్వ యాడ?" అని రోజూ అడుగుతుంది. ఆలంగాయంలో ఉందంటే "ఆడెందుకు? నాకు బాగలేదు గదా?" అంటుంది. 

పరీక్షలో క్రిమి పేరు తెలిసింది. అది అందరి చర్మం మీదా ఉండేదేనట. నా చేతి నుంచి రావచ్చు, అమ్మ చేతి నుంచి రావచ్చు, బిడ్డ తనే గోకి ఉండవచ్చు. ఎంత కడిగినా ఒక్కోసారి వస్తుంది, ఎవరి వల్లనో వెతకొద్దు, ఎంత తొందరగా గుర్తుపట్టారన్నదే లెక్క అన్నాడు డాక్టర్. పొద్దున సంచి చూసినప్పుడే వచ్చి ఉంటే గొట్టం నిలిచేదేమోనట. ఏమో అన్నాడు, కచ్చితంగా చెప్పలేదు.

అందుకే మళ్ళీ అదే అడుగుతున్నాను, కోప్పడకు. ఆ రోజు ఫోన్లో అమ్మ అన్నది ఏ మాట? ఆమె చెప్పిన భావం కాదు, నోటితో అన్న మాట. ఒక్క అక్షరం మార్చకుండా రాయి.

గౌతమి

---

గుడియాత్తం
26 జూన్ 2024

అమ్మా గౌతమీ,

నిన్న ఆలంగాయం పోయి వచ్చాను. కన్నప్ప కోడిని కోశాడు. తినబుద్ధి కాలేదు, కానీ వాడు బాధపడతాడని తిన్నాను. వాళ్ళ ఇంటి వెనక చింతచెట్ల కింద మీ అమ్మ మిరపకాయలు ఆరబోస్తోంది. నన్ను చూసి లేవలేదు.

బిడ్డ అవ్వ యాడ అని అడుగుతోందని ముందు చెప్పాను. ఆమె మిరపకాయలు సర్దుతూనే ఉంది. కొంచెంసేపటికి ఆ ఘాటుకు కళ్ళు తుడుచుకుంది. ఘాటుకేనని ఆమె అంది.

తరువాత నీ ప్రశ్న అడిగాను. నా మెదడు ఎంత గట్టిదో చూడు, ఇన్ని రోజులూ చెప్పావా చెప్పలేదా అని అడిగానే కానీ, ఏమని చెప్పావు అని అడగలేదు.

"ఏమని చెప్తానప్పా, ఉన్నదే చెప్పినా."

"ఉన్నదంటే? ఫోన్ తీసినాక మొదటి మాట ఏంది?"

"సంచి ఎట్లుండాది మా అని ఆపె అడిగె. తెల్లగా ఉండాది అన్నా."

"ఆమాటేనా?"

"ఆమాటే. తెల్లగా ఉండాది అన్నా. అయితే సరి, పారబొయ్ మా అని పెట్టేసె. నాకు గుండె దడదడ కొట్టుకుంటాండాది, ఏంది ఈ పిల్ల ఇంత తేలిగ్గా తీసుకునె అనుకున్నా. చదువుకునింది, దానికి తెల్దా అనుకున్నా."

ఆమె నా చెవిలో అరవలేదు. నా ముఖానికెదురుగా కూర్చుని నిదానంగా చెప్పింది. పెదవులు చూస్తూ నేను అక్కడే నీ ఉత్తరం వెనక రాసుకున్నాను. తెల్లగా ఉండాది.

గౌతమీ, మంచి సంచి ఏ రంగులో ఉంటుందో నేను కూడా చూశాను. లేత పసుపు. కొబ్బరినూనె కాగినట్టు తేటగా ఉంటుంది. తెల్లగా ఎప్పుడూ ఉండదు. మీ అమ్మ పాలలా తెల్లబడిందని చెప్పింది. నువ్వేమి విన్నావు?

నాయన

---

వేలూరు
28 జూన్ 2024

నాయనా, దీన్ని గట్టిగా చదువు. ఆలంగాయం పోయి చదువు. ఎవరు విన్నా పరవాలేదు.

అమ్మా,

నువ్వు తెల్లగా ఉండాది అన్నావు. దాన్ని నేను తేటగా ఉంది అని తీసుకున్నాను. ఆ మిషన్ల మోతలో మాట సగమే చెవిన పడింది. తెల్లగా అంటే ఎర్రగా లేదు, నెత్తురు లేదు, నల్లగా లేదు, మంచినీళ్ళలా ఉంది అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో తెలుసా? అలా ఉండాలని కోరుకున్నాను కాబట్టి. ఆ రోజు సెలవు అడిగితే పని పోతుందని భయం. నువ్వు మంచిమాట చెప్తే చాలని ఫోన్ ఎత్తాను.

నువ్వు చూశావు. వెంటనే చెప్పావు. చేయవలసింది చేశావు. పారబోయమన్నది నేను. ఈ సంగతి డాక్టర్ జెబరాజ్‌కూ, ఆరోకియమేరికీ చెప్పేశాను.

అయినా నాకు ఇంకా మండుతూనే ఉంది. అంత దడ పుడితే ఇంకొకసారి ఎందుకు ఫోన్ చేయలేదమ్మా? "ఏమే, పాల మాదిరి ఉండాది, నీకు బుద్ధి ఉండాదా" అని తిట్టి ఉండవచ్చు కదా? ఊరికే దానికీ దీనికీ తిడతావే, ఆ రోజు ఎందుకు తిట్టలేదు? నేను చదువుకున్నానని ఊరుకున్నావా? నేను చదివింది పన్నెండో తరగతి!

రామ్మా. బిడ్డ అడుగుతోంది.

గౌతమి

---

ఆలంగాయం
30 జూన్ 2024

గౌతమీ, మీ అమ్మ చెబుతుంటే రాస్తున్నాను. నా మాట ఒక్కటి కూడా కలపొద్దంది.

"రాయి. ఊరికే తిడితే అరుస్తాండాది అంటావు. తిట్టకపోతే ఎందుకు తిట్టలే అంటావు. మీ ఇంట్లో ఎట్ల బతకాలో తెలీలే. ఇదిగూడా రాయి. రెండోసారి ఫోన్ చేసినా. తియ్యలే. మూడోసారి గూడా చేసినా. నీ ఫోన్‌లోనే ఉంటుంది, చూసుకో. అంతే. చాలు. ఇంగేం లేదు. బిడ్డకు మెడకాడ గొట్టం గుచ్చుకోకుండా మెత్తని గుడ్డ కట్టమని రాయి. పాత పంచె చించి కడిగి తెస్తాండానని రాయి."

తెస్తాండాను అంటే వస్తున్నట్టే కదా? అడిగితే కసురుకుంది. సోమవారం బస్సుకు అనుకుంటున్నాను.

నాయన

---

వేలూరు
9 ఆగస్టు 2024

నాయనా,

చాలా రోజులైంది రాసి. అమ్మ ఇక్కడికి వచ్చినప్పటినుంచి ఆమె సురేష్ చేత నోటిమాటగా కబుర్లు పంపుతోంది, అతను నీకు చేతులు ఊపి చెబుతున్నాడు. ఏమి చేరిందో, ఏమి చేరలేదో. అందుకే ఇది.

కొత్త గొట్టం కుదురుకుంది. కొంచెం కొంచెంగా నీళ్ళు పెట్టడం మొదలుపెట్టారు, పొట్ట తట్టుకుంటోంది. మెడ దగ్గరది తీసేశారు. మేఘన వరండాలో నడుస్తోంది, ఇడ్లీలో కారప్పొడి కావాలని గొడవ చేస్తోంది. మా ఆయన వచ్చి రెండు రోజులుండి మళ్ళీ లారీ ఎక్కాడు.

ఫోన్ చూసుకున్నాను. అమ్మ చెప్పినట్టే రెండుసార్లు చేసింది. మిషన్ దగ్గర ఫోన్ ముట్టకూడదు, మొదటిసారి మాట్లాడాక సైలెంటులో పెట్టేశాను. ఈ సంగతి ఆమెతో నేను ఇంకా మాట్లాడలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఒకే గదిలో పడుకుంటున్నాం, ఒకే ప్లేటులో బిడ్డకు కలిపి పెడుతున్నాం. ఉప్పు అందుకో అంటే అందుకుంటుంది. ఇంతకంటే దగ్గరవడం మాకిద్దరికీ చేతకావడం లేదు.

నిన్న ఇంటికి పంపే ముందు చెప్పే పాఠం జరిగింది. ఇంట్లో సంచి మార్చేవాళ్ళు అందరూ కూర్చోవాలి. ఆరోకియమేరి బల్లమీద మూడు సంచులు పెట్టింది. వేరొక బిడ్డ తండ్రి దేవా అనే అతను, నేను, అమ్మ. ముందు అమ్మను, అవ్వా మీరు రండి అని తమిళంలో పిలిచింది. "పాట్టీ, నీంగ వాంగ."

మొదటి సంచి ఎత్తింది అమ్మ. దాని వెనక అరచెయ్యి పెట్టుకుంది. "తేట. గీతలు గూడా అగపడతాండాయి." సరే అంది ఆరోకియమేరి. రెండోది ఎత్తీ ఎత్తకముందే, "కలక. పాలు పోసినారు దీంట్లో." అదీ సరే.

మూడోదానిలో పాలు ఒక్క చుక్కే వేసి ఉంటారు. అమ్మ కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. అరచెయ్యి పెట్టింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. మూత తెరిచి వాసన చూడబోతే దేవా నవ్వాడు. నాకు నాలుక మీదిదాకా వచ్చింది మాట. ఆరోకియమేరి నన్ను చూసి వేలు నోటి మీద పెట్టింది.

"సొల్లుంగ పాట్టీ. తేటయా, కలకయా?" చెప్పమని అడిగింది తమిళంలోనే, తేట, కలక అన్న రెండు మాటలూ మాత్రం ఆమె మా నోటినుంచి నేర్చుకుంది.

అమ్మ సంచి బల్లమీద పెట్టేసింది. "తెలీలే."

"తెలీకపోతే ఇంట్లో ఏం జేస్తారు?" అని తమిళంలోనే అడిగింది ఆరోకియమేరి.

"సంచి చంకన బెట్టుకుని, బిడ్డను తోడుకుని, బస్సెక్కి మీ కాడికొస్తా." సంచి మూత బిగిస్తూ అంది, "కూతురికి ఫోన్ జెయ్యను."

దేవా మళ్ళీ నవ్వాడు. ఆరోకియమేరి నవ్వలేదు. ఇదే కావాలి నాకు, ఈ ఒక్క జవాబు చెప్పడానికి ఎంతమందికి నోరు రాదో తెలుసా అని తమిళంలో అంది. అమ్మ పేరు పక్కన సరే అని రాసుకుంది.

నాకు కోపం రావాలి కదా, నాయనా? వచ్చింది కూడా. పది మందిలో నన్నలా అంటుందా అని. తరువాత ఆ మాట ఎంత తిప్పి చూసినా అందులో తప్పు దొరకలేదు. కోపం మాత్రం అలాగే ఉంది. దానికి ఎక్కడ పోవాలో తెలియడం లేదు.

సోమవారం ఇంటికి వస్తున్నాం. గది గోడలకు సున్నం కొట్టించు. కిటికీ దోమతెర ఒక మూల చిరిగి ఉంది, మార్పించు. వాకిట్లో చేతులు కడిగే కొళాయి మోచేత్తో తిప్పేలా ఉండాలట, కరెంటు పనివాడిలా ఆడించకుండా ఒక్క రోజులో పని చేసేవాణ్ణి చూడు.

ఇప్పుడు అమ్మ బిడ్డకు సంచి పెడుతోంది. కొత్త గొట్టం పెట్టాక మొదటిసారి తనే, ఎవరి సాయమూ లేకుండా. గదిలో ఇంకొకరు ఉండకూడదని నన్ను బయటికి పంపి తలుపు వేసుకుంది. లోపల ఏదో చెబుతోంది, మేఘన నవ్వుతోంది. ఏమంటోందో వినపడడం లేదు. ఈ ఉత్తరం వరండాలో నిలబడి, గోడకు ఆనించి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

గౌతమి